ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా?

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, విజయవాడలో కొన్నా, కొత్త ల్యాప్‌టాప్ బేరం కుదిరాక చివర్లో ఒక మాట వినిపిస్తుంది. "యాంటీవైరస్ కూడా వేసేద్దామా సార్?" బ్యాగు, మౌసు, వాటితోపాటు చిన్న అట్టపెట్టెలో ఏడాదికో మూడేళ్లకో సరిపడా ఒక కీ. చాలామంది మారుమాట్లాడకుండా డబ్బు కట్టేస్తారు. వైరస్ వస్తే ఫొటోలన్నీ పోతాయన్న భయం కొంత, అందరూ వేయించుకుంటున్నారు కదా అన్న అలవాటు కొంత.

ఆ అలవాటు ఊరికే పుట్టలేదు. దానికి కారణమైన రోజులు నిజంగానే భయంకరమైనవి. అవి పోయాయా, పోతే ఎవరికి పోయాయి, ఎవరికి ఇంకా పోలేదు అన్నది తేల్చుకుంటే గానీ షాపులో ఏం చెప్పాలో తెలియదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అసలైన విండోస్ వాడుతూ, అప్‌డేట్లు ఆపకుండా వేసుకునే ఇంటికి యాంటీవైరస్ అవసరమే. కానీ దాన్ని కొనక్కర్లేదు, కంప్యూటర్‌లో ముందే ఉంది. దానికోసం పెట్టే డబ్బుకు, అంతకంటే ముఖ్యంగా దానిమీద పెట్టే నమ్మకానికి, వేరే చోట పని ఉంది.

ఐబీఎం పీసీల మీద పాకిన మొదటి వైరస్ మన పొరుగునే పుట్టింది. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' అది, ఫ్లాపీల మీద ఎక్కి దేశాలు తిరిగింది. ఆ తర్వాత పదేళ్లలో మన దగ్గరా ఈ వ్యాపారం మొదలైంది. చెన్నైలో కే సెవెన్, పుణేలో కాట్కర్ సోదరుల క్విక్ హీల్ పుట్టుకొచ్చాయి. వాళ్లకు పని కల్పించిన వైరస్‌లు మామూలువి కావు. తైవాన్ విద్యార్థి రాసిన సీఐహెచ్ 1999 ఏప్రిల్ 26న హార్డ్ డిస్కు చెరిపేయడమే కాకుండా కొన్ని మదర్‌బోర్డుల్లో బయోస్‌ను కూడా పాడుచేసింది. కంప్యూటర్ ఆన్ కూడా అయ్యేది కాదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్ నుంచి ప్రేమలేఖ పేరుతో వచ్చిన ఈమెయిల్ ప్రపంచమంతా చుట్టేసింది. 2003 ఆగస్టులో వచ్చిన బ్లాస్టర్‌కైతే ఎవరూ దేన్నీ నొక్కే పని కూడా లేదు. రక్షణ లేని విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంటర్నెట్‌కు తగిలితే చాలు, అంటుకునేది.

అయితే తెలుగు ఇళ్లలో యాంటీవైరస్ పాతుకుపోవడానికి అసలు కారణం ఇంటర్నెట్ కాదు, పెన్‌డ్రైవ్. 2005 నుంచి ఓ ఆరేడేళ్లపాటు ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో, జిరాక్స్ షాపుల్లో, ఫొటో స్టూడియోల్లో పెన్‌డ్రైవ్ పెట్టి తీస్తే ఏదో ఒకటి అంటుకోకుండా వచ్చేది కాదు. జరిగేది ఇదీ. పెన్‌డ్రైవ్‌లో 'ఆటోరన్' అనే చిన్న ఫైలు కనబడకుండా దాగి ఉండేది. విండోస్ ఆ ఫైలు చదివి, అందులో చెప్పిన ప్రోగ్రామును తనంతట తానే నడపడానికి సిద్ధపడేది. పక్కనే 'న్యూ ఫోల్డర్' పేరుతో, అచ్చం పసుపు ఫోల్డర్ బొమ్మతో ఒకటి కనిపించేది. అది ఫోల్డర్ కాదు, ప్రోగ్రాము. దాన్ని తెరవబోతే టాస్క్ మేనేజర్ మాయమయ్యేది, దాచిన ఫైళ్లు చూపించమనే ఆప్షన్ పనిచేయడం మానేసేది. ఇంకో రకమైతే ఫోల్డర్లన్నిటినీ దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు పెట్టేది. ప్రాజెక్టు రిపోర్టు పోయిందనుకుని ఎంతమంది విద్యార్థులు పరీక్ష ముందు రోజు గుండెలు బాదుకున్నారో! 2008 నవంబర్‌లో మొదలైన కాన్‌ఫికర్ నెట్‌వర్క్‌తో పాటు ఈ దారిని కూడా వాడుకుని లక్షల కంప్యూటర్లలోకి చొరబడింది.

ఆ దారిని మూసింది యాంటీవైరస్ కంపెనీలు కావు. 2009లో వచ్చిన విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్ తీసేశారు. 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకూ అదే మార్పును అప్‌డేట్‌గా పంపించారు. బ్లాస్టర్ కథా ఇంతే. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయి ఉండే ఏర్పాటు వచ్చాక ఆ తరహా వైరస్‌లకు ఇళ్లు అంత తేలిగ్గా దొరకలేదు. మన భయాలను పెంచి పోషించిన రెండు పెద్ద దారులూ ఆపరేటింగ్ సిస్టంలో మార్పులతోనే మూతపడ్డాయి. యాంటీవైరస్ చేసిన సేవను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఏ మందు ఏ జబ్బును తగ్గించిందో తెలియకపోతే, జబ్బు మారాక కూడా పాత మందే కొంటూ ఉంటాం.

ఆలోగా మైక్రోసాఫ్ట్ తన సొంత యాంటీవైరస్‌ను తెచ్చింది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో ఉచితంగా ఇచ్చి, 2012లో విండోస్ 8తో డిఫెండర్ పేరుతో సిస్టంలోనే కలిపేసింది. మొదట్లో దాని పనితనం నాసిగానే ఉండేది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ 2012 చివర్లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్‌కు సర్టిఫికెట్ కూడా ఇవ్వలేదు. "విండోస్‌తో వచ్చేది పనికిరాదు" అన్న మాట అప్పటిది, అప్పటికి అది నిజం. ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది గానీ పరిస్థితి మారిపోయింది. కొన్నేళ్లుగా అదే సంస్థ పరీక్షల్లో డిఫెండర్‌కు పూర్తి మార్కులు రావడం మామూలైపోయింది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ పరీక్షల్లోనూ డబ్బు పెట్టి కొనే వాటికి, దీనికి మధ్య తేడా చాలాసార్లు ఒకటి రెండు శాతం లోపే ఉంటోంది.

ఆ మార్కులను కూడా కాస్త ఆలోచించి చదవాలి. దాదాపు అన్నీ తొంభై తొమ్మిది పైన తెచ్చుకునే పరీక్షలో మొదటి ర్యాంకుకు పెద్ద అర్థం లేదు. కానీ ఒక తేడా మాత్రం నిజమైనది. ఇంటర్నెట్ లేనప్పుడు డిఫెండర్ బలం స్పష్టంగా తగ్గుతుంది. అనుమానం వచ్చిన ఫైలు గురించి అది మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి నిర్ణయం తీసుకుంటుంది, ఆ జవాబు రాకపోతే తన దగ్గరున్న దానితోనే సరిపెట్టుకోవాలి. రోజూ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి తీసేసే ఇంట్లో, ఆఫ్‌లైన్‌లో ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ ఎక్కే కంప్యూటర్‌లో దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

అసలు యాంటీవైరస్ లోపల ఏం చేస్తుందో చూడాలనుకుంటే ఎవరైనా ఇంట్లోనే చూడొచ్చు. ఐకార్ అని 68 అక్షరాల ఒక పరీక్ష వాక్యం ఉంది. అది ఏ హానీ చేయదు. యాంటీవైరస్ కంపెనీలన్నీ దాన్ని వైరస్‌గా పట్టుకోవాలని ఒప్పందం చేసుకున్నాయి. నోట్‌ప్యాడ్‌లో ఆ వాక్యం పెట్టి సేవ్ చేస్తే కుడివైపు మూలన డిఫెండర్ హెచ్చరిక పైకొస్తుంది, ఫైలు తీసి క్వారంటైన్‌లో పడేస్తుంది. మధ్యలో ఒక్క అక్షరం మార్చి చూడండి, దానికేమీ పట్టదు. తెలిసిన దాన్ని గుర్తుపట్టడం అనే పని ఇలాగే ఉంటుంది. ఇప్పటి యాంటీవైరస్‌లు దీనికి ప్రోగ్రాము నడవడికను గమనించడం, సర్వర్లను అడగడం వంటివి చేర్చుకున్నాయి. అయినా ఒక హద్దు ఉంది. అన్ని వైరస్‌లనూ తప్పులేకుండా గుర్తించే ప్రోగ్రాము రాయడం సాధ్యం కాదని ఫ్రెడ్ కోహెన్ 1980లలోనే గణితంతో నిరూపించాడు. వంద శాతం రక్షణ అని పెట్టెమీద రాసి ఉంటే ఈ సంగతి గుర్తుచేసుకోవాలి.

ప్రయోగశాల బయట, మామూలు మనుషుల దగ్గర ఏమవుతుంది? మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ పరిశోధకులు 50 మందికి యాంటీవైరస్ వేసిన ల్యాప్‌టాప్‌లు ఇచ్చి నాలుగు నెలలు గమనించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. 38 శాతం మంది కంప్యూటర్ల దాకా ఏదో ఒక హానికర ప్రోగ్రాము వచ్చింది. 20 శాతం మంది దగ్గర యాంటీవైరస్ కంటపడని సరుకు ఉన్నట్టు తేలింది. కంప్యూటర్ బాగా తెలుసనుకునేవాళ్లకు ప్రమాదం తక్కువ కాలేదు, ఎక్కువైంది. ఈ ఒక్క అధ్యయనం నాకు రెండు వైపులా పనికొస్తుంది. యాంటీవైరస్ లేకుండా ఉండమని ఇది చెప్పదు, అది ఆపినవి చాలానే ఉన్నాయి. అదొక్కటే చాలునని కూడా చెప్పదు.

2015లో గూగుల్ పరిశోధకులు 231 మంది భద్రతా నిపుణులను, 294 మంది మామూలు వాడకందార్లను ఒకే ప్రశ్న అడిగారు: మీ రక్షణకు మీరు చేసే ముఖ్యమైన పనులేంటి? మామూలు వాళ్లలో 42 శాతం యాంటీవైరస్ పేరు చెప్పారు. నిపుణుల్లో చెప్పింది 7 శాతమే. అప్‌డేట్లు వేసుకోవడం అని నిపుణుల్లో 35 శాతం చెబితే, మామూలు వాళ్లలో 2 శాతం చెప్పారు. మన ఇళ్లకు వచ్చి అడిగినా లెక్క ఇంతకంటే బాగుంటుందని నేననుకోను. "అప్‌డేట్ వేస్తే స్లో అవుతుంది, ఆపేయించండి" అని కంప్యూటర్ బాగుచేసేవాళ్లే సలహా ఇచ్చే చోట్లున్నాయి. యాంటీవైరస్ వేసి, అప్‌డేట్లు ఆపేసి పంపిస్తారు. గొళ్లెం ఊడదీసి కాపలావాడిని పెట్టినట్టు.

ఆ సలహా ఖరీదేమిటో 2017 మే 12న తెలిసింది. వాన్నాక్రై అనే వైరస్ 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కన్నాన్ని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. వేసుకున్నవాళ్లకు ఏమీ కాలేదు.

ఇక యాంటీవైరస్ వల్లే కీడు అన్న వాదన. దీన్ని కొట్టిపారేయడానికి లేదు. బ్రౌజర్ తయారుచేసే మొజిల్లాలో పనిచేసిన రాబర్ట్ ఒకల్లహన్ 2017 జనవరిలో, మైక్రోసాఫ్ట్‌ది తప్ప మిగతా యాంటీవైరస్‌లను తీసేయమని బాహాటంగా రాశాడు. అవి బ్రౌజర్లలో దూరి, బ్రౌజర్ తయారుచేసేవాళ్లు పెట్టిన రక్షణలనే చెడగొడుతున్నాయని ఆయన ఫిర్యాదు. అంతకు ముందు ఏడాది గూగుల్‌కు చెందిన టావిస్ ఒర్మాండీ సిమాంటెక్ కంపెనీ యాంటీవైరస్ ఉత్పత్తుల్లో పెద్ద లోపాలు బయటపెట్టాడు. వచ్చిన ప్రతి ఫైలునూ విప్పి చూసే ప్రోగ్రాము, అదీ సిస్టంలో పూర్తి అధికారంతో నడిచేది, తనే తప్పుల తడకగా ఉంటే దొంగకు అంతకంటే మంచి దారి దొరకదు. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2017 మేలో అదే ఒర్మాండీ డిఫెండర్‌లోనూ అంతే ప్రమాదకరమైన లోపం పట్టుకున్నాడు. మైక్రోసాఫ్ట్ రోజుల్లోనే సరిచేసింది. ఈ విషయంలో ఎవరూ పులుకడిగిన ముత్యాలు కారు. కానీ ఒకటి చాలే చోట రెండు పెట్టుకుంటే కన్నాలు కూడా రెండింతలవుతాయి.

లోపాలు వేరు, నమ్మకద్రోహం వేరు. అవాస్ట్ యాంటీవైరస్ వాడినవాళ్లు ఏ సైట్లు చూశారో ఆ వివరాలను దాని అనుబంధ సంస్థ జంప్‌షాట్ అమ్ముకుందని 2020 జనవరిలో బయటపడింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారానికి కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వం కాస్పర్‌స్కీ యాంటీవైరస్ అమ్మకాలను నిషేధించింది. సెప్టెంబర్‌లో అక్కడి వాడకందార్ల కంప్యూటర్లలో కాస్పర్‌స్కీ పోయి, వాళ్లు ఎన్నడూ ఎంచుకోని అల్ట్రాఏవీ అనే వేరే ప్రోగ్రాము దానంతటదే వచ్చి కూర్చుంది. యాంటీవైరస్‌కు మన కంప్యూటర్ మీద ఎంత అధికారం ఇస్తున్నామో తెలియడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. 2024 జులై 19న భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసి కూలబడ్డాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది కార్పొరేట్ సంస్థలు వాడే సరుకు, ఇళ్లలో ఉండదు. అయినా లోపల కూర్చున్న కాపలాదారు తూలితే ఏమవుతుందో చూపించింది.

ఇప్పుడు దొంగతనం ఎటు మళ్లిందో చూద్దాం, ఎందుకంటే అసలు జవాబు అక్కడే ఉంది. ఇంటి కంప్యూటర్‌కు ఈనాడు ఎక్కువగా వచ్చేవి ఫైళ్లు చెరిపేసే వైరస్‌లు కావు, సమాచారం ఎత్తుకుపోయేవి. లుమ్మా అనేది వాటిలో పేరుమోసింది. 2025 మేలో మైక్రోసాఫ్ట్ దాని మీద చర్య తీసుకునేటప్పటికి అంతకు ముందు రెండు నెలల్లోనే 3 లక్షల 94 వేల విండోస్ కంప్యూటర్లలో కనిపించింది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ అయి ఉన్న ఖాతాల కుకీలు నిమిషాల్లో ఊడ్చుకుని వెళ్లిపోతుంది. కుకీ దొరికితే దొంగకు పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు.

ఇది లోపలికి వచ్చే పద్ధతి చూడండి. ఏదో సినిమా సైటు తెరిస్తే "మీరు మనిషేనని నిరూపించండి" అని ఒక పెట్టె వస్తుంది. క్లిక్ చేస్తే మూడు మెట్లు చెబుతుంది: విండోస్ కీతోపాటు ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్ వి నొక్కండి, చివర ఎంటర్ నొక్కండి. మొదటి క్లిక్‌లోనే ఒక ఆదేశాన్ని మనకు తెలియకుండా క్లిప్‌బోర్డులోకి ఎక్కించి ఉంచుతారు. రన్ పెట్టెలో దాన్ని అతికించి నడిపింది మనమే. తలుపు పగలగొట్టలేదు, మన చేతే తీయించారు. యాంటీవైరస్ ఇలాంటివి కొన్నిటిని పట్టుకుంటుంది, పొద్దున పుట్టి సాయంత్రానికి మారిపోయే వాటిని పట్టుకోలేదు.

రెండో దారి మన దగ్గర ఇంకా పెద్దది. అమెరికా సాఫ్ట్‌వేర్ సంస్థల సమాఖ్య బీఎస్ఏ అంచనా ప్రకారం 2017లో భారత్‌లో వాడే సాఫ్ట్‌వేర్‌లో 56 శాతం లైసెన్సు లేనిదే. క్రాక్ చేసిన ఫొటోషాప్, విండోస్ యాక్టివేటర్ డౌన్‌లోడ్ చేస్తే దాంతో వచ్చే సూచనల్లో మొదటిది "ముందు యాంటీవైరస్ ఆపండి" అనే ఉంటుంది. చెప్పినట్టే ఆపేస్తాం. ఇంటి వాడకందార్ల ఫైళ్లకు తాళం వేసి ఏడిపించిన స్టాప్ రాన్సమ్‌వేర్ ఎక్కువగా ఈ క్రాకుల వెంటే వచ్చింది. మన చేత్తోనే ఆపేసిన యాంటీవైరస్ ఉచితమైనా, వేలు పోసి కొన్నదైనా ఒకటే.

మూడోదానికి వైరస్‌తో పనే లేదు. సైబర్ మోసాల్లో 2024లో దేశం పోగొట్టుకున్న సొమ్ము 22,845 కోట్ల రూపాయలని కేంద్రం లోక్‌సభలో చెప్పింది. డిజిటల్ అరెస్టు అని బెదిరించడం, పెట్టుబడి పేరుతో ఊరించడం, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని నమ్మించి, దూరం నుంచి మన తెరను నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించడం, పోలీసుల హెచ్చరికల్లో పదేపదే కనిపించేవి ఇవే. ఎనీడెస్క్ చట్టబద్ధమైన ప్రోగ్రాము. యాంటీవైరస్ దాన్ని ఎందుకు ఆపుతుంది?

ఇన్ని చెప్పాక, కొనడం సబబైన ఇళ్లు కూడా ఉన్నాయి. ఇంట్లోనే డీటీపీ చేసేవాళ్ల సంగతి తీసుకోండి. అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ నడవాలని పాత విండోస్‌ను వదలరు, పెళ్లి పత్రికల పెన్‌డ్రైవ్‌లు రోజంతా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అలాంటి మిషన్‌కు ఆఫ్‌లైన్‌లోనూ గట్టిగా పనిచేసే యాంటీవైరస్ ఉండాలి, వీలైతే ఆ మిషన్‌లో బ్యాంకింగ్, ఈమెయిల్ పెట్టుకోకూడదు. విండోస్ 10 వాళ్లకు 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఏడాది పొడిగింపు 2026 అక్టోబర్ వరకే. డిఫెండర్ గుర్తింపు జాబితాలు 2028 దాకా వస్తాయి గానీ, సిస్టంలో కన్నం పడితే జాబితాలు పూడ్చలేవు. కొత్త యాంటీవైరస్ కొని పాత విండోస్‌ను మోయించే కంటే, వీలైతే 11కు మారడం, మిషన్ ఒప్పుకోకపోతే బ్రౌజింగ్ వరకు లినక్స్ వేసుకోవడం మేలు. మ్యాక్ వాడేవాళ్లకు యాపిల్ పెట్టిన ఎక్స్‌ప్రొటెక్ట్ ఉంది. కొనాల్సిన పని వాళ్లకు ఇంకా తక్కువ, తెలియనివి వేసుకోకూడదన్న నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే.

కంప్యూటర్‌లో ఏదో ఉందని అనుమానం వస్తే డిఫెండర్‌లోనే ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, విండోస్ మొదలవక ముందే వెతుకుతుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం మన దేశపు కంపెనీల టూల్స్‌నే ఉచితంగా ఇస్తోంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు ముగిసి రోజూ ఎర్రగా బెదిరిస్తుంటే, దాన్ని తీసేయండి. డిఫెండర్ మళ్లీ పనిలోకి దిగుతుంది.

మూడేళ్ల కీకి పెట్టే డబ్బుకు ఇంకొంత కలిపితే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు వస్తుంది. నెలకోసారి ఫొటోలు, కాగితాల స్కాన్లు దాంట్లోకి ఎక్కించి, కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఊడదీయడం ముఖ్యం, తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. డిఫెండర్ సెట్టింగుల్లో రాన్సమ్‌వేర్ రక్షణ కింద 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' అని ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్ల జోలికి రాలేవు.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఊళ్లో అమ్మానాన్నల ల్యాప్‌టాప్‌కు ఆన్‌లైన్‌లో యాంటీవైరస్ కొని పంపడం చాలా ఇళ్లలో ఉంది. ఆ ప్రేమను తప్పుపట్టను. సెలవులకు వచ్చినప్పుడు ఒక గంట కూర్చుని వాళ్లకు అడ్మిన్ అధికారం లేని మామూలు ఖాతా పెట్టి, పాస్‌వర్డ్ తమ దగ్గర ఉంచుకుంటే అది ఆ కీ కంటే ఎక్కువ కాపాడుతుంది. ఎవడో ఫోన్ చేసి ఏదో వేయమన్నా, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగే చోట చాలావరకు పని ఆగిపోతుంది, అప్పుడు వాళ్లు పిల్లలకు ఫోన్ చేస్తారు. తెరంతా ఎర్రబడి, సైరన్ మోగుతూ, "మీ కంప్యూటర్‌లో వైరస్, వెంటనే ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని వస్తే అది దొంగల నంబరే. విండోస్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. బ్రౌజర్ మూసేస్తే సరిపోతుంది, మూసుకోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోవచ్చు. ఒకవేళ డబ్బు అప్పటికే పోయి ఉంటే కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత సొమ్ము అవతలి ఖాతాలోనే ఆగే అవకాశం ఉంటుంది.